జానెడు బొంత

పొంతన కుదరని రాజకీయ కూటమిని పత్రికలు ‘అతుకుల బొంత’ అంటాయి. తలా తోకా లేని సినిమా కథనూ అదే మాటతో తీసిపారేస్తాం. బొంత కుట్టే చేతులను దగ్గర నుంచి చూసినవాళ్లకు మాత్రం ఆ మాట తిట్టులా వినిపించదు. గుంటూరు దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం మధ్యాహ్నాలు, మా నాయనమ్మ వసారాలో పాత పంచె పరిచి నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టేది. దాని మీద ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలను పొరలు పొరలుగా సర్దేది. చిరుగు పడ్డచోట ఒక ముక్క, రంగు వెలిసినచోట ఇంకో ముక్క. ఏ ముక్క ఎక్కడ పడాలో రెండు మూడుసార్లు మార్చి చూసుకునేది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు చేరి తలోవైపు నుంచీ కుట్టుకొచ్చేవారు. వానలు పడేలోపు బొంత మంచం ఎక్కాలని నాయనమ్మ లెక్క. ఏటా ఎక్కేది.

ఆ ‘లోపు’ అనే మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉద్యోగంలో కుదురుకున్నాక నేనూ ఒక బొంత కుట్టాలని కూర్చున్నాను. డబుల్ కాట్ మంచానికి సరిపోయేంత పెద్దది. రంగులు ఎంచాను, ముక్కలు కోశాను, దారాలు కొన్నాను, రెండు వారాలు పట్టుదలగా కుట్టాను. ఆ తర్వాత ఆఫీసులో ఆడిట్, పిల్లవాడి పరీక్షలు, చుట్టాల రాకపోకలు. సగం కుట్టిన బొంత బీరువా అడుగు అరలోకి వెళ్లింది. ఎనిమిదేళ్లు అక్కడే ఉంది. తలుపు తీసినప్పుడల్లా దాని అంచు కనిపించేది. ఏ పనీ చివరిదాకా చేసే ఓపిక నాకు లేదన్న నమ్మకం ఇంకాస్త గట్టిపడేది. అలాంటి నమ్మకం మనిషిని నెమ్మదిగా తినేస్తుంది. డ్రైవింగ్ నేర్చుకుందామన్నా, డిపార్ట్‌మెంటు పరీక్ష రాద్దామన్నా ‘మరి ఆ బొంత సంగతేమైంది?’ అని లోపల్నుంచి ఎవరో అడిగినట్టుండేది.

లోపం నా ఓపికలో లేదు, నేను ఎంచుకున్న కొలతలో ఉంది. ఆ సంగతి అమెరికాలోని ఓహాయో నుంచి వచ్చిన ఒక ఫొటో చెప్పింది.

మా పిన్ని కూతురు అక్కడ ఉంటుంది. వాళ్ల పక్కింటి పెద్దావిడ హాల్లో ఒక చిన్న ఇనుప స్టాండు, దానికి అడ్డంగా ఒక కమ్మీ, కమ్మీకి వేలాడుతూ నోటుపుస్తకమంత బొంత. అక్టోబరులో దాని మీద గుమ్మడికాయ ఉంటుంది. డిసెంబరులో మంచు కప్పిన ఇల్లు. ఏప్రిల్‌లో ట్యులిప్ పూలు. కాలం మారితే బొంత మారుతుంది. అమెరికాలో క్విల్టులు అనే బొంతలు కుట్టేవారిలో చాలామందికి ఇది అలవాటే. పరుపంత పెద్దది నెలల తరబడి సాగుతుంటే, పక్కన ఋతువుకొక చిన్నది పూర్తవుతూ ఉంటుంది. మా చెల్లి ఆవిడ దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. జనవరిలో, బయట అంతా మంచు పేరుకుని ఉండగా, నాలుగు జాకెట్టు ముక్కలతో గాలిపటం కుట్టి తన గోడకు తగిలించింది. ‘అక్కా, మా ఇంటికి సంక్రాంతి వచ్చేసింది’ అని ఫొటో కింద రాసింది.

ఆ రాత్రే నేను బీరువాలోంచి ఆ పాత బొంతను బయటికి తీసి, కుట్టినంతవరకూ కత్తిరించి, అంచు వేసి, దివాన్ మీద పరిచేశాను. ఎనిమిదేళ్ల భారం రెండు గంటల్లో దిగిపోయింది. మీ ఇంట్లోనూ ఇలాంటి సగం పని ఉంటే ముందు దాని సంగతి తేల్చండి. పూర్తి చేస్తారా, చిన్నది చేసి ముగిస్తారా, ఎవరికైనా ఇచ్చేస్తారా అన్నది మీ ఇష్టం. అది కళ్లెదుట ఉండగా కొత్త పనికి చెయ్యి సాగదు.

ఇక జానెడు కొలత పట్టుకోండి. చేతిని గుడ్డ మీద పరిచి, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా గుర్తు పెట్టుకోండి. దాదాపు తొమ్మిదంగుళాలు. అంతకు మించొద్దు. దాని మీద ఆ కాలానికి చెందిన ఒక్క బొమ్మ చాలు. సంక్రాంతికి గాలిపటం, ఉగాదికి మామిడాకు, వానాకాలానికి గొడుగు, దీపావళికి ప్రమిద, క్రిస్మస్‌కు నక్షత్రం, రంజాన్‌కు నెలవంక. మొదటిసారి కుట్టేవారికి గాలిపటమే మేలు. నాలుగు త్రికోణపు ముక్కలు కలిపితే గాలిపటం అయిపోతుంది, వంపులు లేవు కాబట్టి సూది మొండికేయదు.

తేదీని మీరు పెట్టుకోవద్దు, పండగను పెట్టనివ్వండి. మనం పెట్టుకున్న గడువును మనమే జరుపుకుంటాం. ‘ఈ నెలాఖరుకు’ అన్నది వచ్చే నెలాఖరు అవుతుంది, దసరా అవుతుంది, ఎప్పటికో తేలదు. ఉగాది మాత్రం మీకోసం వారం ఆగదు. అందుకే పండగకు కుట్టే చిన్న వస్తువు గడువుతో పనిచేయడం నేర్పినంతగా ఏ డైరీ, ఏ ఫోన్ యాప్ నాకు నేర్పలేదు. లెక్క ముందే వేసుకోండి. ఉగాదికి గుమ్మానికి పదకొండు గుడ్డ మామిడాకుల తోరణం కావాలంటే రాత్రికి ఒక ఆకు, పదకొండు రాత్రులు. జ్వరాలకూ చుట్టాలకూ నాలుగు రోజులు కలపండి. తాడుకు గుచ్చడానికి ఒక రోజు. అంటే పండక్కి పదహారు రోజుల ముందు మొదటి ఆకు కోయాలి. నేను క్యాలెండరులో ఉగాది చుట్టూ సున్నా చుట్టను, ఈ పదహారో రోజు చుట్టూ చుడతాను.

ఒక ఆకు ఎలా తయారవుతుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మిగతా బొమ్మలన్నీ ఈ పద్ధతికి అటూ ఇటూ ఉండేవే.

బొంతకు మూడు పొరలు: పైగుడ్డ, మధ్యలో మెత్త, అడుగుగుడ్డ. మూడింటినీ పట్టి ఉంచేది కుట్టు. మెత్తకు దూది ఏకాల్సిన పని లేదు. అరిగిపోయిన టర్కీ టవలు సరిపోతుంది. ఆకుపచ్చ నూలు చీర ముక్కను రెండు పొరలుగా మడిచి, అయిదంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పున పాత పెళ్లిపత్రిక అట్టతో కోసిన మామిడాకు అచ్చు పెట్టి గీయండి. పట్టు, సింథటిక్ మొదట్లో వద్దు. అవి జారతాయి. నూలు చెప్పిన మాట వింటుంది. మంగళగిరి, వెంకటగిరి, పొందూరు ఖద్దరు, నారాయణపేట, ఏ నేత చీరయినా కట్టి కట్టి మెత్తబడ్డది దొరికితే దాన్ని మించింది లేదు. గీతకు పావంగుళం బయటగా కోయండి. కింద టవలు ముక్క, దాని మీద రెండు చీర ముక్కలు, మంచి వైపులు ఒకదానికొకటి ఎదురుగా. గీత వెంట కుట్టుకుంటూ రండి. తొడిమ దగ్గర ఒకటిన్నర అంగుళం వదిలేయండి. వంపుల దగ్గర కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి, కొస దగ్గర ఎక్కువైన గుడ్డ కత్తిరించండి. ఆ గాట్లు పెట్టకపోతే తిరగేశాక ఆకు ముడుచుకుపోతుంది. వదిలిన సందులోంచి మొత్తం బయటికి తిరగేసి, మొద్దుగా ఉన్న పుల్లతో కొసను మెల్లగా ముందుకు నెట్టండి. కొస తేలగానే అది గుడ్డ అన్న సంగతి మరిచిపోతారు. ఇస్త్రీ చేసి, సందు మూసేయండి.

అసలు పని ఇప్పుడుంది. పసుపు దారంతో తొడిమ నుంచి కొస దాకా మధ్య ఈనె, దాని నుంచి అటు నాలుగు, ఇటు నాలుగు పక్క ఈనెలు. సూది పైకీ కిందికీ నడిచే మామూలు కుట్టే. దారాన్ని ప్రతి కుట్టుకూ ఒక్క పిసరు బిగించి లాగితే గుడ్డ ఈనెకు ఇరుపక్కలా ఉబ్బుతుంది. ఎక్కువ లాగితే ముడతపడుతుంది. ఆ ఒక్క పిసరు ఎంతన్నది ఎవరూ చెప్పలేరు, మూడో ఆకుకు మీ వేళ్లకే తెలుస్తుంది. నా మొదటి ఆకుకు గంటకు పైగా పట్టింది. అయిదో ఆకు నుంచి అరగంట. ఆ అరగంటలో ఫోన్ చూడడం కుదరదు, ఎందుకంటే రెండు చేతులూ కళ్లూ ఆకు మీదే ఉంటాయి. మనసు ఒక్కచోట నిలవడం లేదని బాధపడేవారికి నేను ధ్యానం కన్నా ముందు సూదీ దారమే చెబుతాను. కళ్లు మూసుకుని కూర్చుంటే ఆలోచనలు ముసురుకుంటాయి, ఈనె మీద కుట్టు వంకర పోకుండా చూసుకుంటుంటే వాటికి చోటు ఉండదు.

తప్పులు జరుగుతాయి. మొదటి ఏడాది తోరణం పైన కట్టే పట్టీకి ఒక కొట్లో కొత్త ఎర్ర గుడ్డ కొన్నాను. రంగు పోదని గట్టిగా చెప్పారు, నమ్మాను. పండగ ముందురోజు సాయంత్రం ఇస్త్రీకి ముందు తడి చల్లగానే ఎరుపు దిగి నాలుగు ఆకుల మీదికి పాకింది. కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. పది నిమిషాల తర్వాత లేచి, మరీ పాడైన ఒక ఆకును విప్పి పక్కన పెట్టాను. మిగతా మూడూ గులాబీ మరకలతోనే ఎక్కాయి. తెల్లారి గుమ్మంలో నిలబడి తలెత్తి చూసిన మా అత్తగారు ‘చిగురాకులు కూడా పెట్టావా!’ అన్నారు. మామిడి లేత చిగురు రంగు అదే కదా! ఆ మూడు ఆకులూ ఇప్పటికీ కుడి కొసన ఉన్నాయి. అప్పటి నుంచి మాత్రం ఏ కొత్త గుడ్డనైనా ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, తడి మీదే తెల్లగుడ్డతో రుద్ది చూస్తున్నాను. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్క బొంతలోకి రాదు. ముదురు ఎరుపు, నీలం, నలుపు ఉన్న అద్దకం గుడ్డల దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం.

కుట్టడం వచ్చినవారిలో కూడా చాలామంది ఆగిపోయే మెట్టు ఇంకొకటి ఉంది. తగిలించడం. బాగా కుదరలేదని మడిచి లోపల పెట్టేస్తాం. ఎవరైనా చూసి ఏమంటారోనని భయం. పాట వచ్చినా నలుగురిలో పాడనివారు, మీటింగులో చెప్పాల్సిన మాటను గొంతులోనే మింగేవారు, అందరూ ఈ మెట్టు మీదే ఆగినవారు. గుమ్మానికి మీ చేతి పని వేలాడదీయడం ఈ భయానికి చిన్న మోతాదు మందు. రోజూ పాలవాడు చూస్తాడు, పక్కింటివాళ్లు చూస్తారు, కొరియర్ అబ్బాయి చూస్తాడు. చాలామంది ఏమీ అనరు. ఒకరిద్దరు మెచ్చుకుంటారు. ఒక పిన్నిగారు తప్పకుండా ‘బజార్లో రెడీమేడ్‌వి చవగ్గా దొరుకుతున్నాయిగా, ఎందుకింత కష్టం?’ అంటారు. మా ఇంటికీ వచ్చారు, అన్నారు. నేను ‘దొరుకుతున్నాయి పిన్నిగారూ, కాఫీ తీసుకోండి’ అన్నాను. సంజాయిషీ చెప్పకుండా ఆ ఒక్క మాటతో ఆగడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

తగిలించే పద్ధతిలోనూ కొంత తెలివి కావాలి. బొంత వెనక పైఅంచున గుడ్డతో గొట్టంలా ఒక పట్టీ కుట్టి, అందులో సన్నటి వెదురు పుల్ల దూర్చితే బొంత కిందికి జారదు, మూలలు వాలవు. పుల్ల రెండు కొసలకూ దారం కట్టి ఒకే మేకుకు వేయొచ్చు. అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వకపోతే కర్టెన్ రాడ్‌కో, తలుపు గడియకో, పుస్తకాల అరకో వేలాడదీయండి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు సరైన ఎత్తు. తిన్నగా ఎండ పడేచోట నెల ఉంచితే రంగు వెలుస్తుంది. గ్యాస్ పొయ్యి పైన పెడితే జిడ్డు పడుతుంది. ఇంకో మాట, దీపావళికి కుట్టిన గుడ్డ ప్రమిదను నిజమైన దీపానికి దూరంగానే ఉంచండి, దేవుడి గదిలోనూ అంతే. గాలికి ఊగే గుడ్డ, నిప్పు పక్కపక్కన ఉండకూడదు. ఒక గోడకు ఒక్క బొంత చాలు. చుట్టూ ఖాళీ ఉంటేనే కన్ను దాని దగ్గర ఆగుతుంది.

అతుకులు కనిపిస్తాయని చిన్నబోయేవారికి గీస్ బెండ్ సంగతి చెప్పాలనిపిస్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, నది మలుపులో ఉన్న చిన్న ఊరు అది. ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవారి సంతతి అక్కడి ఆడవాళ్లు. చలికి ఇంట్లోవాళ్లను కాపాడుకోవడానికి, మోకాళ్ల దగ్గర అరిగిన పని ప్యాంట్లు, సంచి గుడ్డలు, ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ అతికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియం ఆ బొంతలను గోడలకు తగిలించి ప్రదర్శన పెట్టింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. ప్యాంటు జేబు ఊడదీసినచోట రంగు వెలవకుండా మిగిలిన ముదురు నీలపు మచ్చ కూడా ఆ బొంతల్లో ఒక రంగే.

మనకు దగ్గరలో, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే బొంతను కవంది అంటారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలలా పువ్వుల్లా మడిచిన ముక్కలు పెట్టనిదే కవంది పూర్తయిందనుకోరు. నేను కుట్టే ప్రతి బొంతకూ ఒక మూల అలాంటి చిన్న మడత పెడుతున్నాను. అది పెట్టాక ఇక సూది ముట్టుకోకూడదని నా నియమం. సరిదిద్దుతూ కూర్చునే అలవాటు నాకు చాలా ఉంది. సరిదిద్దడానికి అంతు లేదు, అందుకే దానికో గుర్తు పెట్టాను. ఆఫీసు రిపోర్టుకు కూడా అలాంటి ఒక మూల మడత కావాలి. నాకు అది చివరి పేజీలో తేదీ వేయడం. తేదీ వేశాక ఫైలు తెరవను.

ఒక్కరే కుట్టాలనేం లేదు. మా పక్క ఫ్లాట్‌లో కరీంనగర్ అక్క ఉంటుంది. రెండేళ్ల కిందట దసరాకు ముందు గుడ్డ బతుకమ్మ కుడదామనుకుని ఇద్దరం కూర్చున్నాం. కింద పొడుగు పట్టీ, దాని మీద కొంచెం పొట్టిది, పైకి పోతున్నకొద్దీ ఇంకా పొట్టివి. పట్టీలు కలిపితే శిఖరం లేచిపోతుంది, వరుస వరుసకూ రంగు మారుతుంది. గునుగుకు తెలుపు, గులాబీ; బంతికి నారింజ. నేను అడుగు వరుసకు ఊదా ముక్క తీశాను. అక్క నా చేతిలోంచి లాక్కుని పక్కన పడేసింది. ‘తంగేడు పువ్వు లేని బతుకమ్మ ఉంటదా చెల్లె? పసుపు తియ్యి’ అంది. పసుపు మా ఇద్దరి దగ్గరా లేదు. వాళ్ల అబ్బాయి, ఏడో తరగతి చదివేవాడు, లోపలికి వెళ్లి తన పాత స్కూలు హౌస్ టీషర్టు తెచ్చాడు. ఆ తంగేడు వరుస వాడిదే. పోయినేడు వాడే దాన్ని బయటికి తీసి, తలుపుకు తగిలించి, వంకర ఉందా లేదా అని స్కేలు పెట్టి చూశాడు.

పండగ వెళ్లాక దించడం మరిచిపోవద్దు. ఏడాదంతా గోడకు ఉన్న వస్తువును కన్ను చూడడం మానేస్తుంది. పెళ్లిఫొటో అయినా అంతే. వారమో పది రోజులో ఉంచి దించితే, మళ్లీ ఏడాదికి దాన్ని చూసినప్పుడు ఇల్లు కొత్తగా కనిపిస్తుంది. దించిన రోజు దుమ్ము దులిపి, నీడన గాలికి ఆరేసి, మడవకుండా చుట్టి పెట్టండి. మడతల దగ్గరే గుడ్డ ముందు చినుగుతుంది. పాత తెల్ల పంచె ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు పక్కన వేస్తే చాలు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. మా ఇంట్లో ఒక చిన్న రేకు పెట్టె నిండా ఇవే. సంవత్సరం మొత్తం ఆ పెట్టెలో పట్టేసింది.

ప్రతి దాని వెనకా కుట్టిన ఏడాది దారంతో వేస్తాను, ఎవరి గుడ్డో కూడా. ఆకుల్లో ఎడమ నుంచి రెండోది నాయనమ్మ మంగళగిరి చీరది. ఆవిడ పోయాక పెట్టెలో మిగిలిన ఒక్క నూలు చీర అది, అంచు దగ్గర ఇంకా ఆవిడ వేసిన అతుకు ఉంటే ఆ అతుకు మధ్యలోకి వచ్చేలా అచ్చు పెట్టి కోశాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఈనె కింద రెండు రకాల కుట్లు కనిపిస్తాయి. నావి కాస్త పొడుగు, ఆవిడవి గింజల్లా పొట్టివి, ఒక్కటి కూడా వంకర లేదు.

మొదటి ఏడాది విప్పి పక్కన పెట్టిన ఆ ఒక్క ఆకు చోటు ఇప్పటికీ ఖాళీయే. తోరణంలో పది ఆకులే ఉన్నాయి. పదకొండోదానికి మా అమ్మ తన చీర ముక్క పంపింది, చిలకపచ్చది. నిన్న రాత్రి నీళ్లలో వేశాను. పొద్దున తెల్లగుడ్డతో రుద్ది చూస్తే రంగు దిగలేదు. వసారా తీగ మీద ఆరుతోంది.